శ్వాసక్రియ పాఠం చెప్పిన మా టీచరమ్మ

ఆ ఉదయం నేను పాఠాలు చెప్పే బడిలో ప్రార్థన ఇంకా పూర్తి కాలేదు. పిల్లలు వరసల్లో నిలబడి ఉన్నారు. చేతిసంచిలో ఫోన్ అదిరితే తీసి చూశాను. విజయనగరం నుంచి పిన్ని. మా టీచర్ వాళ్ళ చెల్లెల్ని నేను పిన్ని అనే పిలుస్తాను; అక్కని ఆమె అప్ప అంటుంది. ఆ వేళప్పుడు ఆమె ఎప్పుడూ ఫోన్ చెయ్యదు. వరండా చివరకు నడిచి ఎత్తాను.

"అప్ప ఎల్లిపోనాదే," అంది.

ఆమే చెప్పుకుపోయింది. "కాఫీ కలిపి తెచ్చేను. సల్లారిపోతన్నాది, లే అప్పా అన్నాను. లేవనేదు."

మైదానంలో పిల్లలు జనగణమన మొదలుపెట్టారు. కదలకుండా నిలబడటం అలవాటైన ఒళ్ళు కాబట్టి నిలబడ్డాను. అది పూర్తయ్యాక హెడ్‌మాస్టర్ గారికి చెప్పి బస్సెక్కి ఆమదాలవలస స్టేషన్‌కు వచ్చాను. రైలు కోసం చూస్తూ బెంచీ మీద కూర్చున్నప్పుడు గానీ నాకు ఏడుపు రాలేదు. వచ్చాక ఆగలేదు. పక్కన కూర్చున్న పెద్దావిడ నీళ్ళ సీసా నా చేతిలో పెట్టి, "ఎవులమ్మా?" అని అడిగింది. మా టీచర్ అన్నాను. "ఏ టీచరు?" అంది. ఒక్క మాటలో చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పాలని ప్రయత్నిస్తున్నాను.

టీచర్ మా ఊరి హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేవారు. ఆమదాలవలసలో అద్దెకుండి రోజూ మోపెడ్ మీద వచ్చేవారు. చీరకొంగు నడుం చుట్టూ బిగించి, ఆ కొంగు ముడిలో వేయించిన వేరుశనగ గింజలు మూట కట్టుకొని దిగేవారు. పొద్దున్న ఏమీ తినకుండా వచ్చిన పిల్లలెవరో ఆవిడకు ముఖం చూస్తే తెలిసేది. పలకరించే నెపంతో దగ్గరకు పిలిచి గుప్పెడు గింజలు చేతిలో పోసేవారు. తరగతిలోకి రాగానే కిటికీలన్నీ తనే తీసేవారు. చలికాలమైనా అంతే. వెనక బెంచీల వాళ్ళం ముడుచుకుని కూర్చుంటే, "సలేస్తే ఒకరికొకరు దగ్గరగా జరగండి. తలుపులు మాత్రం మూయనివ్వను," అనేవారు.

మిగతా టీచర్లు మాతో పుస్తకం భాషలో మాట్లాడేవారు. ఆవిడ మాట్లాడితే మా అమ్మ మాట్లాడినట్టుండేది. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన అధికారి ముందు కూడా "సూడండి, ఇనుకోండి" అనే అన్నారు. శ్వాసక్రియ పాఠం మొదలుపెట్టిన రోజు ఎవరో అమ్మాయి లేచి, శ్వాసంటే ప్రాణమేనా టీచర్ అని అడిగింది. ఆవిడ కాస్త ఆలోచించి, "ప్రాణం సంగతి నాకు తెల్దమ్మా. శ్వాస సంగతి తెలుసు. తెలిసింది సెప్తాను," అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ ఇష్టం.

ఆ పాఠానికి ఆవిడ మమ్మల్ని బడి పక్కనే ఉన్న మా స్నేహితురాలి ఇంటికి తీసుకెళ్ళారు. ఆకుమడిలో నారు పోసుకునే రోజులు. వాళ్ళు వరి విత్తనాలు నానబెట్టి, గోనెసంచిలో మూటకట్టి, సావిట్లో ఓ మూల గడ్డి కప్పి మండె కట్టారు. అలా కడితే గింజ మొలకెత్తుతుందని మా అందరికీ తెలుసు. ఏటేటా చూసేదే. టీచర్ ఒక్కొక్కరినీ పిలిచి ఆ మూటలో చెయ్యి పెట్టమన్నారు.

"ఏటే, ఎచ్చగా ఉన్నాదా?"

"ఉన్నాది టీచర్."

"ఎండలో పెట్టేరా?"

"నేదు టీచర్, ఈ మూలనే ఉన్నాది."

"మరి పొయ్యి ఎవులు ఎలిగించేరు?"

ఇంటావిడ కూడా పని ఆపి గుమ్మంలో నిలబడింది.

"గింజే ఎలిగించుకున్నాది," అన్నారు టీచర్. "లోపలున్న పిండిపదార్థాన్ని పంచదారలాగా కరిగించుకున్నాది. గాలిలోంచి ఆక్సిజన్ పట్టుకున్నాది. రెండూ కలిపి బలం తీసుకుంటన్నాది. మొలకెత్తాలంటే బలం కావాల కదా? అందులో కొంత ఇలా ఏడిగా బయటికొచ్చేస్తాది. మీ ఒల్లు ఎచ్చగా ఉండీదీ అందుకే."

"మరి మంటయితే గోనె కాలిపోవాల కదా టీచర్?" అంది స్నేహితురాలు.

"మంచి మాటడిగేవు. గడ్డివాముకి నిప్పంటుకుంటే ఒక్కసారే భగ్గుమంతాది. ఆ మంట మీద ఎవులన్నా అన్నం వండుకోగలరా? కణం అలాగ సెయ్యదు. మెట్టు మెట్టుకీ ఆగి, కొంచెం కొంచెంగా బలాన్ని దింపుకుంటాది. దింపినదాన్ని ఏటీపీ అని సిన్న సిన్న పొట్లాలు కట్టుకుని ఉంచుకుంటాది. నువ్వు సెయ్యి ఎత్తాలంటే ఓ పొట్లం ఇప్పుతాది. కన్నార్పాలన్నా ఇప్పుతాది."

నేను ఆ రోజు మూటలోంచి చెయ్యి తియ్యబుద్ధి కాక అలాగే ఉండిపోయాను. నా చేతులు ఎప్పుడూ చల్లగా ఉండేవి.

అప్పటికి ఏడాదిగా నాకు ఇంట్లోనూ బడిలోనూ నిద్రమొహం అని పేరు. ఎంత పడుకున్నా అలసట తీరేది కాదు. బావి నుంచి బిందె తెస్తే మధ్యలో దించి కూర్చునేదాన్ని. గుండె చెవుల్లో కొట్టుకునేది. తరగతిలో తల బల్ల మీద వాలిపోయేది. లెక్కల మాస్టారు నిలబెట్టేవారు, నిలబడే కునికేదాన్ని. "మా దీనికి ఒల్లంతా బద్దకమే," అని అమ్మ ఊళ్ళో అందరితో అనేది. అందరూ అంటుంటే నేనూ అదే నమ్మాను. బద్ధకం నా గుణం అనుకున్నాను.

మండె చూసిన మర్నాడు టీచర్ మమ్మల్ని గది పొడవునా వరసగా నిలబెట్టారు. మా పుస్తకాల సంచులు ఒకరి నుంచి ఒకరికి అందించుకుంటూ పోవాలి. ఆఖరున ఉన్న మనిషి అందుకుని బల్ల మీద పేర్చాలి. ఆ ఆఖరి చోటు నాకిచ్చారు.

"ఇది కణంలో మైటోకాండ్రియా అనుకోండి," అన్నారు. "గ్లూకోజు మొదట కణద్రవ్యంలో సగం ఇరుగుతాది. దానికి ఆక్సిజన్ అక్కర్లేదు. కానీ అక్కడ దొరికే బలం కూసింతే. అసలు బలమంతా ఇక్కడే, ఈ వరసలోనే. మీరందించుకుంటన్నవి ఎలక్ట్రాన్లు. సెయ్యి మారినప్పుడల్లా కొంత బలం దిగుతాది. ఆఖర్న అందుకునేది ఆక్సిజన్. అందుకుని నీరైపోతాది. కానివ్వండి."

సంచులు కదిలాయి. మొదట్లో బాగానే అందుకున్నాను. తర్వాత నా చేతులు లేవలేదు. కళ్ళ ముందు నల్లటి చుక్కలు తిరిగాయి. ఒక సంచి నా చేతుల్లోంచి జారి కింద పడింది. నా పక్కనున్న అమ్మాయి చేతిలో సంచి అలాగే ఉండిపోయింది. ఆమె వెనకామె చేతిలోనూ అంతే. గది పొడవునా అందరూ సంచులు పట్టుకుని ఆగిపోయారు. ఎవరో నవ్వారు. "నిద్రమొహాన్ని పెట్టేరు కదా టీచర్, ఇంకేటి నడుస్తాది," అన్నారు.

టీచర్ నవ్వలేదు. నన్ను కిటికీ దగ్గర వెలుగులోకి తీసుకెళ్ళి, బొటనవేలితో కింది రెప్ప లాగి చూశారు. గోళ్ళు నొక్కి చూశారు. తర్వాత నా చెవి దగ్గరకు వంగి, ఇంకెవరికీ వినబడకుండా అడిగారు.

"బియ్యం బొక్కుతావేటే?"

నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఇంట్లో బియ్యం కుండలోంచి రోజూ దొంగచాటుగా పచ్చి బియ్యం తినేదాన్ని. సుద్దముక్కలు కూడా తినేదాన్ని. ఆ సంగతి అమ్మకు కూడా తెలియదు. తలూపాను.

"నువ్వు బద్దకస్తురాలివి కాదే," అన్నారు. "ఒంట్లో రక్తం నేదు నీకు. అందుకే ఈ బియ్యం, ఈ నిద్రా."

ఇన్నేళ్ళయినా నేను మరిచిపోలేని మాట అది. ఒక మనిషి తన గుణం అనుకున్నది జబ్బని తెలియడం ఎంత పెద్ద ఊరటో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. కిటికీ ఊచ పట్టుకుని ఏడ్చాను.

ఆ సాయంత్రమే ఆవిడ మా ఇంటికి వచ్చారు. అవి ఆకుమడి పనుల రోజులు. అమ్మ అప్పుడే పొలం నుంచి వచ్చి కాళ్ళ బురద కడుక్కుంటోంది. టీచర్ చెప్పిందంతా విని అమ్మ ముఖం ఎర్రబడింది.

"నా పిల్లకి నేను కూడెట్టనేదా టీచరమ్మా? నాకు నేకపోయినా దానికెట్టేను. ఊరందరినీ అడగండి."

"కూడెట్టనేదని నేననలేదమ్మా."

"మరేటన్నారు? రక్తం నేదన్నారు. కూడుంటే రక్తముండదా?"

టీచర్ అరుగు మీద కూర్చున్నారు. అమ్మను కూడా కూర్చోమన్నారు. అమ్మ కూర్చోలేదు.

"సూడమ్మా. పొయ్యిలో కట్టెలు నిండా పెట్టేవు. కానీ పొయ్యి నోటికి రాయి అడ్డమెట్టేస్తే మండుతాదా? పొగ కమ్ముకుంటాది. నువ్వెట్టిన కూడు కట్టెలు. బాగానే ఎట్టేవు. గాలిలో ఆక్సిజన్ని ఒల్లంతా మోసుకెళ్ళేది రక్తం. ఆ మోసే రక్తమే దీనికి సాలదు. అందుకే కూడుండి కూడా బలం రాదు. తప్పు నీది కాదు, దానిదీ కాదు. రేపు శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్దాం. నేనొస్తాను."

అమ్మ నా వైపు చూసి, "మరి ఇన్నాళ్ళూ సెప్పవేటే?" అంది. నాకే తెలియనిది ఏమని చెప్పేది? తర్వాత లోపలికి వెళ్ళి టీచర్‌కి మజ్జిగ తెచ్చింది. అదే ఒప్పుకోవడం.

ఆసుపత్రిలో నా రక్తం పరీక్ష చూసిన డాక్టరమ్మ, ఈ పిల్ల బడికి ఎలా నడిచి వెళ్తోందని అడిగింది. కడుపులో కొంకి పురుగులున్నాయనీ, చెప్పుల్లేకుండా మట్టిలో తిరిగితే పాదాల గుండా లోపలికి వెళ్తాయనీ, లోపల చేరి రక్తం పీలుస్తాయనీ చెప్పింది. రక్తం ఎక్కించారు. మాత్రలిచ్చారు. రక్తం సంచిలోంచి చుక్క చుక్కగా దిగుతుంటే టీచర్ నా మంచం పక్కనే కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకున్నారు. అమ్మ మాత్రం ఆ ఎర్రటి సంచి వైపు చూడలేక గోడ వైపు తిరిగి కూర్చుంది.

ఆ తర్వాత వచ్చిన కార్తీకంలో ఒక రోజు పాలు పోసి తిరిగి వస్తూ, చేను గట్టు మీద నాకు తెలియకుండానే పరిగెత్తాను. పని ఏమీ లేదు. ఎవరూ తరమలేదు. కాళ్ళు వాటంతటవే వెళ్ళాయి. గట్టు చివర ఆగాక కూడా గుండె చెవుల్లో కొట్టుకోలేదు. మిగతా పిల్లలంతా ఎప్పుడూ ఇలాగే ఉండేవారా అని ఆశ్చర్యపోయాను. మర్నాడు టీచర్‌తో చెప్పాను. "పరిగెత్తేవా?" అన్నారు. నల్లబల్ల వైపు తిరిగి చాలాసేపు తుడిచిందే తుడిచారు.

నేను సైన్సు తీసుకుంటానని ఆవిడ ఆశపడ్డారేమో. నేను తెలుగు పండిట్నయ్యాను. శ్రీకాకుళం దగ్గర ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వెళ్తే, "సరే, నీ కణాలు సంధులూ సమాసాలూ సెప్పుకోడానికే బతుకుతాయన్నమాట," అని నవ్వారు. అప్పటికి భర్త పోయి, రిటైరై, విజయనగరంలో చెల్లెలి దగ్గర ఉండేవారు. పిల్లలు లేరు. మేమే పిల్లలమని అనడం నాకిష్టం లేదు. ఆవిడ అలాంటి మాటలు అననిచ్చేవారు కాదు.

ఆవిడకు జబ్బు మొదలైన సంగతి నేను విజయనగరం స్టేషన్‌లో గమనించాను. నన్ను రైలెక్కించడానికి వచ్చి, వంతెన మెట్ల మధ్యలో ఆగి, కింద రైళ్ళను చూస్తున్నట్టు నిలబడ్డారు. చూడటం లేదు. రెండు చేతులతో కమ్మీ పట్టుకున్నారు. తర్వాత పొడిదగ్గు వచ్చింది. విశాఖపట్నం తీసుకెళ్ళాం. ఊపిరితిత్తులు మెల్లగా గట్టిపడిపోయే జబ్బన్నారు. ఎందుకొస్తుందో చెప్పలేమన్నారు. వెనక్కి తిప్పే మందు లేదన్నారు.

తిరిగి వస్తూ కారులో ఆవిడే మాకు వివరించారు. ఊపిరితిత్తుల్లో గాలి గదుల గోడలు ఉల్లిపొర కంటే పల్చగా ఉంటాయట. ఆక్సిజన్ ఆ పొర దాటి రక్తంలోకి వెళ్తుందట. "ఇప్పుడా పొర సాపలాగా దళసరి అయిపోతన్నాది. గాలి గుమ్మం దాకా వస్తాది. గడప దాటలేదు," అన్నారు. పిన్ని వినలేక కిటికీ అద్దం దింపేసి బయటకు చూసింది.

ఏడాది తిరక్కుండా మంచం పక్కన ఆక్సిజన్ యంత్రం వచ్చింది. ముక్కుకు గొట్టం పెట్టి, దాన్ని చెంపల మీదుగా చెవుల వెనక్కి తిప్పి కట్టారు. నేను ఆదివారాలు వెళ్ళేదాన్ని. గంటసేపు ఆగకుండా మాట్లాడే మనిషి మూడు మాటలకోసారి ఆగాల్సి వచ్చింది. తలంటుకోవాలంటే ఆయాసం. అన్నం నమలాలన్నా ఆయాసం. ఒక రోజు పిన్ని ఆవిడ తల దువ్వుతుంటే ధైర్యం చెప్పాలని నేనేదో అన్నాను. ఒళ్ళు అలవాటు పడుతుంది టీచర్, తక్కువ గాలితో సర్దుకుంటుంది, మీరే చెప్పేవారు కదా అన్నాను. ఆవిడ దువ్వెన తోసేశారు.

"నన్ను పాఠంలాగ... సూడకు," అన్నారు. ఊపిరి కూడదీసుకుని మళ్ళీ అన్నారు. "నాకు భయమేస్తన్నాది. అదే పాఠంలో... ఉన్నాదో సెప్పు."

వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ చేతులు చల్లగా ఉన్నాయి. గోళ్ళు నీలంగా ఉన్నాయి. చిన్నప్పుడు ఎవరు ఎవరి గోళ్ళు చూశారో ఇద్దరికీ గుర్తొచ్చిందనుకుంటాను. ఇద్దరం ఏడ్చాం. ఏడవడానికి కూడా గాలి కావాలి. ఆవిడ మధ్యలోనే ఆపెయ్యాల్సి వచ్చింది.

ఆవిడ పోవడానికి ముందు వారం మా బడిలో సైన్సు టీచర్ సెలవు పెడితే పదో తరగతికి శ్వాసక్రియ పాఠం నన్ను చెప్పమన్నారు. ఆ ఆదివారం వెళ్ళి ఆ సంగతి టీచర్‌కి చెప్పాను. ఆవిడ ముఖం వెలిగింది. ఇప్పుడే చెప్పమన్నట్టు చేత్తో సైగ చేశారు. మంచం ఎదురుగా నిలబడ్డాను. పిన్ని కూడా వంట ఆపి వచ్చి కూర్చుంది. నేను మొదలుపెట్టాను. శ్వాసక్రియ అంటే మనం గాలి పీల్చి వదలడం అన్నాను. ఆవిడ వేలు లేచింది.

"కాదు."

ఆగాను.

"పీల్చడం... వేరు. శ్వాసక్రియ... వేరు. పీల్చడం... రొమ్ములో. శ్వాసక్రియ... కణం కణంలో."

ఇంక మాట్లాడొద్దని పిన్ని బతిమాలింది. ఆవిడ తల అడ్డంగా ఊపారు. యంత్రం ఒకసారి బుస్సుమని ఆగి మళ్ళీ మొదలయ్యేదాకా కళ్ళు మూసుకుని, తెరిచారు.

"నాది... మొదటిది పాడైంది. రెండోది... ఇంకా నడస్తన్నాది. కాలి వేళ్ళల్లో... కళ్ళల్లో... పాపం, అన్నీ... అడుగుతన్నాయి." చేయి చాచి ఏదో అందుకోబోతున్నట్టు చూపించారు. "నేనే... అందించలేకపోతన్నాను."

పాఠం చివరిదాకా చెప్పించుకున్నారు. ఇంకెక్కడా వేలు ఎత్తలేదు. నేను వెళ్ళొస్తానంటే, "గట్టిగా సెప్పు. వెనక బెంచీకి... ఇనబడాల," అన్నారు. నాతో ఆవిడ మాట్లాడిన ఆఖరి మాట అదే.

నేను విజయనగరం చేరేసరికి మధ్యాహ్నమైంది. అమ్మ నాకంటే ముందే వచ్చి గుమ్మం దగ్గర గోడకానుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి పక్కకు జరిగింది. లోపల టీచర్‌ని చాప మీద పడుకోబెట్టారు. యంత్రం ఆపేశారు. గొట్టం తీసేశారు. అంత నిశ్శబ్దంగా ఆ గదిని నేను ఈ ఏడాదిలో చూడలేదు. స్నానం చేయించి ఉతికిన చీర కట్టారు. ముఖం ప్రశాంతంగా ఉందని ఎవరో అన్నారు. నాకు అలసిపోయినట్టే కనబడింది.

రెండు చెంపల మీదా గొట్టం ఒత్తుకున్న గీత ఉంది. ముక్కు పక్క నుంచి చెవి దాకా, లోతుగా, తిన్నగా. పిన్ని కొబ్బరినూనె గిన్నె పక్కన పెట్టుకుని, బొటనవేలితో ఆ గీతను రుద్దుతోంది.

"పోతాదేమో సూస్తన్నాను," అంది తలెత్తకుండా. "ఈ గీతతో పంపలేనే."

బతికున్న ఒంటి మీదైతే కాసేపట్లో పోయేదే ఆ గీత. రక్తం తిరుగుతుంది, చర్మం మళ్ళీ పొంగుతుంది. ఇప్పుడు అది పోదు. ఎందుకు పోదో నాకు తెలుసు. పిన్నికి చెప్పలేదు. అటు వైపు వెళ్ళి కూర్చుని, గిన్నెలో వేలు ముంచి, రెండో చెంప రుద్దడం మొదలుపెట్టాను. బయట పాడె సిద్ధమైందని మగవాళ్ళు పిలుస్తున్నారు. ఇంకాస్త ఆగమని అమ్మ వాళ్ళకు చెబుతోంది. మేమిద్దరం చెరో వైపు కూర్చుని, మెత్తగా, నొప్పి పుట్టకుండా రుద్దుతూనే ఉన్నాం.